తరతరములు నిలువదగిన బియ్యపు మిల్లు

(మన కుల మహాసభ వార్షిక సమావేశమున వాణిజ్య గోష్ఠియందు చేయబడిన ఉపన్యాసము)



విద్యార్థి వసతి గృహములను గూర్చియు, వివాహ వ్యయములను తగ్గించుకొనుటను గూర్చియు పెద్దలు నిన్నటి నుండి విపులముగా ప్రసంగించి యున్నారు. నాకు నియమింపబడిన విషయము వాణిజ్యము. ఆహార పదార్థములను సిద్ధపరచు కర్మాగారము తన వ్యాపారమును ఏ విధమున నడుపుకొనినచో అది తరతరములు నిలుచునో చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. విషయము విశాలమైనది, నాకీయబడిన కాలము స్వల్పమైనది. మనవారిలో అనేకుల జీవనము గోదావరీ కృష్ణా డెల్టాలయందలి బియ్యపు మిల్లులతో ముడివడి యున్నందున ఆ యొక్క దానినే గైకొని మాటలాడెదను. నూనె తీయువారును, బెల్లము వండువారును, పచ్చళ్లు పెట్టి అమ్మువారును ఇందలి సారమును తమ తమ పనులకు అన్వయించుకొనగలరు.

నేడు మన యువకుల నోట తరచుగా వినబడు ప్రశ్న యొకటి కలదు: "ఈ మిల్లును నడుపుదుమా? లేక యంత్రములను అమ్మివైచి, స్థలమును ఇండ్ల నివేశనములుగా విభజింతుమా?" ఊరు పెరిగి మిల్లు చుట్టును వీధులు వెలసినవి. స్థలము వెల పెరిగినది. బియ్యముమీది లాభము సన్నగిలినది. ప్రక్క యింటివారు బూడిద పడుచున్నదని ఫిర్యాదు చేయుదురు. దిగువ పొలము రైతు కాలువ నీరు కంపు కొట్టుచున్నదని పంచాయతికెక్కును. ఇట్టి స్థితిలో కుమారుడు తండ్రితో "ఇది యెందుకు నాయనా?" అనిన, దానిని కేవలము సోమరితనమని త్రోసివేయరాదు. అతనికి లెక్కతో కూడిన సమాధానము చెప్పవలెను. నేను నేడు చేయబూనినది అదియే.

సుదీర్ఘమై సారము లేని ప్రసంగమును మనవారు ఊకదంపుడు ఉపన్యాసమందురు. నేను కోరియే ఊకను గూర్చి మాటలాడబోవుచున్నాను గనుక, ఆ పేరు నాకు వచ్చినను అభ్యంతరము లేదు. ఏలనగా, మిల్లు ముందు వాకిటి నుండి వెడలు బియ్యమును అందరును చూతురు. వెనుక వాకిటి నుండి వెడలు ఊక, బూడిద, తవుడు, నీరు, పొగ, అలసిన మనిషి – వీనిని యజమాని చూచునా లేదా అనుదానిపైననే మిల్లు ఆయుర్దాయము ఆధారపడి యున్నదని నా నమ్మకము.

మొదటి లెక్క

ఒక మిల్లునకు దినమునకు 100 టన్నుల ధాన్యము వచ్చుననుకొందము. ప్రభుత్వ ధాన్యమును ఆడించి యిచ్చునప్పుడు మన నుండి రాబట్టు లెక్క, పచ్చి బియ్యమైన నూటికి 67 పాళ్లు, ఉప్పుడు బియ్యమైన 68 పాళ్లు. మిగిలిన దానిలో ఇంచుమించు 20 టన్నులు ఊక. 6 నుండి 8 టన్నుల వరకు తవుడు. తక్కినది తాలు, మట్టి, గడ్డిపరకలు. ఉప్పుడు బియ్యము చేయు మిల్లయినచో ధాన్యమును నానబెట్టుటకు లక్షకు పైగా లీటర్ల నీరు కూడ కావలెను. కనుక మనము వెల పెట్టి లోనికి తెచ్చుకొనిన సరకులో మూడవ వంతు బియ్యము కానే కాదు. ఆ మూడవ వంతును చెత్తగా నెంచిన మిల్లునకును, సరకుగా నెంచిన మిల్లునకును గల భేదమే నేటి కాలమున లాభనష్టముల భేదము.

ధాన్యము, రైతు

అన్నిటికంటె ముందు ధాన్యము. మన తాతల కాలమున పైరు కోసి, పనలు ఆరనిచ్చి, కుప్ప వేసి, తీరికగా నూర్చెడివారు. గింజ కుప్పలోనే నెమ్మదిగా ఆరెడిది. నేడు కోత యంత్రము పొలములో దిగిన నాడే ధాన్యము బస్తాలకెక్కుచున్నది. అప్పుడు గింజలో నూటికి 20 నుండి 25 పాళ్ల తేమ యుండుట సాధారణము. ప్రభుత్వ కొనుగోలునకు 17 పాళ్లకు మించరాదు. చాలకాలము నిలువ చేయవలెనన్న 14 పాళ్లకు దిగవలెను. రహదారి ప్రక్కన ధాన్యము ఆరబోసికొని ఆకాశము వంక చూచు రైతును మనమందరము ఎరుగుదుము. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల సమీపమున తీరము దాటిన మిచౌంగ్ తుపానులో కోసిన ధాన్యమును, కోయని పైరును కోల్పోయినవారు ఎందరో!

తడిసిన ధాన్యము రైతునకు మాత్రమే నష్టమా? అది మిల్లులోనికి వచ్చినచో రంగు మారును, బూజు పట్టును, నూకయగును. కావున ఊకతో వేడి పుట్టించి ధాన్యము నార్చు యంత్రము మిల్లునందుండుట రైతునకు ఉపకారమును, యజమానికి స్వార్థమును కూడ అగును. అయితే ఒక జాగ్రత్త వలయును. తొందరపడి మిక్కిలి వేడి గాలితో ఒక్కమారుగా ఆర్చినచో గింజ లోపల పగులును. ఆడించునప్పుడు ఆ పగులే నూకయై బయటపడును. కొంత ఆర్చి, కొన్ని గంటలు నిలువయుంచి, మరల ఆర్చవలెను. కుప్ప నెమ్మదిగా చేసిన పనిని యంత్రము కూడ నెమ్మదిగానే చేయవలెనన్నమాట.

విత్తనము విషయమునను మిల్లు యజమాని నోరు విప్పవలెను. మార్టేరు పరిశోధన కేంద్రము నుండి 1982లో వెలువడిన స్వర్ణయు, బాపట్ల నుండి 1986లో వెలువడిన సాంబ మసూరియు మన మిల్లుల రూపమునే మార్చివేసినవి. ఏ వంగడమునకు గిరాకి యున్నదో, ఏది మిల్లులో విరుగుచున్నదో మొదట తెలియునది మనకే. ఆ సంగతిని కోతల నాడు బేరమాడునపుడు చెప్పుటకంటె నారుమళ్ల నాడు చెప్పుట న్యాయము. రైతు నిలిచిననే మిల్లు నిలుచును. పొలమున నీరు ఎల్లప్పుడును నిలువ కట్టక, తడిపి ఆరనిచ్చి మరల తడుపు పద్ధతిచే నీటి ఖర్చు తగ్గుననియు, పొలము నుండి వెడలు మీథేను వాయువు తగ్గుననియు శాస్త్రజ్ఞులు నిర్ణయించి యున్నారు. అట్లు పండించు రైతుల ధాన్యమును వేరుగా కొని, వేరుగా ఆడించి, ఆ పేరుతో అమ్ముట మిల్లు యజమానికి సాధ్యమగు పనియే.

ఊకయు, బూడిదయు

ఇక ఊక. కిలో ఊకయందు సుమారు 3,000 నుండి 3,500 కిలోకేలరీల వేడి యున్నది. బాయిలరు సరిగా కట్టి, ఆవిరి గొట్టములకు కప్పు వేసి, పాడైన కవాటములను ఎప్పటికప్పుడు మార్చుచున్నచో, ధాన్యము ఉడుకబెట్టుటకును ఆర్చుటకును ఆ ధాన్యము యొక్క ఊకయే సరిపోయి, కొంత మిగులును. బొగ్గు కొననక్కర లేదు. అడవి కట్టె కొట్టనక్కర లేదు. సృష్టియే యీ యేర్పాటు చేసినట్లున్నది! అయినను ఎన్ని మిల్లులలో ఆవిరి గొట్టములు కప్పు లేక గాలికి వేడి నర్పించుచున్నవో మీరే గమనింపుడు. అట్లు పోవు వేడి అంతయు అమ్ముకొనదగిన ఊకయే.

కాల్చిన ఊక బూడిదయగును. ఊక బరువులో ఆరవ వంతు మొదలు అయిదవ వంతు వరకు బూడిద మిగులును. దినమునకు 20 టన్నుల ఊక కాల్చు మిల్లునకు మూడు నాలుగు టన్నుల బూడిద యన్నమాట. దీనిని చెరువు గట్టునను, రోడ్డు ప్రక్కనను కుప్పవోయుట చేతనే మనకు చెడ్డపేరు వచ్చినది. గాలి వీచినప్పుడు అది దారిన పోవువాని కంట పడును; ఆరవేసిన బట్టలపై పడును; తినుచున్న అన్నముపై పడును. మనము ఊరి అన్నమును శుభ్రము చేసి యిచ్చువారము. ఊరి అన్నములో బూడిద పోయువారము కారాదు.

అట్లని బూడిద పనికిమాలినదియు కాదు. దానిలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికా యున్నది. సరియైన వేడిమిలో కాలిన బూడిదను కాంక్రీటులో సిమెంటుతో కలుపుదురు, ఇటుకలలో వాడుదురు, ఉక్కు కర్మాగారములలో కరిగిన లోహము చల్లారకుండ పైన కప్పుదురు. కాని కొనువాడు శుభ్రమైన, ఒకే తీరుగా కాలిన బూడిదనే కొనును. సగము కాలి నల్లగా నున్నదానిని ఊరకనిచ్చినను తీసికొనడు. పొగగొట్టమునకు ముందు బూడిదను పట్టు సాధనమును అమర్చి, పట్టిన బూడిదను తడిపి, మూసిన కొట్టులో నిలువ చేసినచో, ఫిర్యాదు చేయవచ్చిన పొరుగువాడు మిత్రుడై మరలును. గాలిని గూర్చిన చట్టము 1981 నుండియు, నీటిని గూర్చిన చట్టము 1974 నుండియు మన దేశమున అమలునందున్నవి. అధికారి వచ్చునాటికి మాత్రము ఆ సాధనమును నడుపు అలవాటు మానవలెను. ఊరివారి కన్ను దినదినము తనిఖీ చేయుచునే యుండును.

తవుడు

తవుడు విషయము మరింత విచారింపదగినది. తవుడులో నూటికి 15 నుండి 20 పాళ్ల నూనె కలదు. దినమునకు 7 టన్నుల తవుడు తీయు మిల్లు, తెలిసియో తెలియకయో, టన్నునకు పైబడిన నూనెను తన వెనుక వాకిటి నుండి పంపుచున్నది. మన దేశము తాను వాడు వంటనూనెలో సగమునకు పైగా పరదేశముల నుండి కొనుచుండగా ఇది అల్ప విషయము కాదు.

అయితే బియ్యము నుండి తవుడు విడివడిన నిమిషము మొదలు దానియందలి లైపేజు అను ద్రవ్యము నూనెను విడగొట్ట నారంభించును. కొద్ది గంటలలోనే పులుపు పెరుగును. ఒకటి రెండు దినములు గడచినచో శుద్ధి చేయుటలో మిక్కిలి నూనె నష్టమగును. మరికొంత ఆలస్యమైనచో ఆ తవుడు నుండి సబ్బు నూనెయే గాని తిను నూనె రాదు. వెంటనే వేడి తగిలించి ఆ ద్రవ్యమును అణచినచో తవుడు నిలుచును. ఈ పని చేయు యంత్రమును చిన్న మిల్లు ఒంటరిగా కొనలేదు. కాని ఒకే కాలువ గట్టున పది మిల్లులున్నప్పుడు, పదింటికి కలిపి యొకటి యుండి, పూటకొకసారి బండి తిరిగి తవుడును చేర్చినచో, ప్రతి మిల్లును తవుడునకు హెచ్చు వెల పొందగలదు. నూనె తీసిన పిదప మిగిలిన తవుడు పశువులకును కోళ్లకును మేతయగును. ఇది యొక్కరి వలన కాని పని. కలసిననే అగు పని. కుల మహాసభలు పెట్టుకొనుట కేవలము దండలు వేయించుకొనుటకు కాదు గదా! ఇట్టి కార్యములకే.

నీరు

ఇక నీరు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి కాలువలు పంటకు నీరును, పడవలకు దారిని ఇచ్చినవి. మన పూర్వులు కాలువ గట్టున మిల్లులు కట్టుట ఆ సౌకర్యమును చూచియే. ఆ కాలువ నీటినే దిగువ గ్రామములవారు చెరువులలో నింపి త్రాగుచున్నారు. ఉప్పుడు ధాన్యము నానిన నీరు పసుపు వన్నెగా, పిండి పదార్థముతో నిండి, గంటలలో పులిసి కంపు కొట్టును. దానిని కాలువలో విడిచినచో నీటియందలి ప్రాణవాయువు హరించి చేపలు చచ్చును.

పూర్వము చల్లని నీట రెండు మూడు దినములు ధాన్యమును నానబెట్టెడివారు. మైసూరునందలి కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమువారు వేడి నీట నానబెట్టు పద్ధతిని రూపొందించిరి. 65 నుండి 70 డిగ్రీల వేడి నీటిలో మూడు నాలుగు గంటలలోనే ధాన్యము నానును. పులియుటకు వ్యవధియే యుండదు గనుక బియ్యమునకు దుర్వాసన పట్టదు. అయినను నానిన నీరు నీరే. దానిని శుద్ధి చేయవలసినదే. ముందు గాలి చొరని తొట్టెలో సూక్ష్మజీవులచే కుళ్లనిచ్చినచో మండు వాయువు వచ్చును, అది పొయ్యికి పనికివచ్చును. పిమ్మట గాలి ఆడు తొట్టెలో తేర్చి, శుద్ధియైన నీటిని చెట్లకును తోటలకును పెట్టవచ్చును.

ఇక్కడ మీకు దాపరికము లేక చెప్పవలసిన మాట యొకటి యున్నది. ఊకను పొదుపు చేసిన డబ్బు వచ్చును. తవుడును కాపాడిన డబ్బు వచ్చును. నీటిని శుద్ధి చేసినచో పెట్టిన డబ్బంతయు తిరిగి రాదు. దీనిని లాభమని చెప్పి మిమ్ము నమ్మించుట నాకిష్టము లేదు. ఇది ఋణము. మనము పుచ్చుకొనిన నీటిని పుచ్చుకొనినట్లు తిరిగి యిచ్చుట. ఈ ఋణమును తీర్చని మిల్లు కొన్నాళ్లు లాభముగానే నడచును. పిదప ఒకనాడు ఊరంతయు గేటు ముందు నిలుచును. ఆనాటి ఖర్చును కూడ లెక్కలో వ్రాసికొనినచో తొట్టెల ఖర్చు తక్కువయే యని తోచును.

తినువారి మేలు

ఆహార వ్యాపారమునకు ఇతర వ్యాపారమునకు లేని బాధ్యత యొకటి కలదు. మనము అమ్మినది మనుష్యుని దేహములో చేరును. ఈ విషయమున బియ్యపు మిల్లు చరిత్రలోనే మనకొక పాఠమున్నది. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున మన ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి యను వ్యాధి వ్యాపించి యుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, ఉబ్బి, గుండె బలహీనపడి జనులు మరణించుచుండిరి. తెల్లగా మెరుగుపెట్టిన పచ్చి బియ్యమును తిను ప్రాంతములలోనే ఇది హెచ్చుగా కనబడెను. ఉప్పుడు బియ్యము తిను దక్షిణ జిల్లాలలో అంతగా లేదు. కూనూరు పరిశోధనాలయమున ఎయిక్రాయిడ్ పండితుడు మున్నగువారు ఈ భేదమును పరిశీలించిరి. అంతకు పూర్వమే జావా ద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు మెరుగు బియ్యము తిన్న కోళ్లకు వ్యాధి కలుగుటయు, తవుడు తగిలిన బియ్యముతో నయమగుటయు కనుగొనెను. 1929లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. తవుడుతో కూడ థయామిన్ అను విటమిను పోవుటయే కారణమని పిదప స్పష్టమైనది. ఉప్పుడుచేయునప్పుడు ఆ విటమిను గింజ లోపలికి దిగును గనుక మెరుగుపెట్టినను కొంత నిలుచును.

ఆ మిల్లుల యజమానులు దుర్మార్గులు కారు. కొనువాడు తెల్లదనము కోరెను, వారు తెల్లదనమునిచ్చిరి. కాని అంతతో మన పని ముగిసినదని యనుకొనరాదు. నేడును కొనువాడు తెల్లదనమునే కోరుచున్నాడు. మెరుగు పెరిగిన కొలది తవుడును, నూకయు పెరుగును, విద్యుత్తు ఖర్చగును, బియ్యము తరుగును, సత్తువ పోవును. తక్కువ మెరుగు బియ్యమును వేరు సంచిలో కట్టి, దాని గుణమును స్పష్టముగా వ్రాసి, నిలువ కాలము తక్కువయని కూడ నిజము చెప్పి అమ్మినచో, కొనువారు క్రమముగా అలవాటు పడుదురు.

ఇంకొక మాట కఠినముగా చెప్పక తప్పదు. చౌక ధరల దుకాణములలో బీదలకిచ్చు బియ్యమును దళారులచే కొని, మరల మెరుగుపెట్టి, క్రొత్త సంచులలో అమ్ము వ్యాపారము మన రాష్ట్రములలో సాగుచున్నదని పత్రికలలో చూచుచునే యున్నాము. బీదవాని పేర వచ్చిన బియ్యము బీదవాని యింట ఉడుకవలెను. ఒక్క మిల్లు ఈ పనికి పాల్పడినను, ఆ మచ్చ పది మిల్లులకు అంటును. మన పిల్లల పేర్ల వెనుకను ఆ మాట నడచును. ఇట్టివానికి కులము పేర అండ దొరకునన్న ఆశ నేటితో తొలగిపోవలెను.

పనివారు

మిల్లు వెనుక వాకిటి నుండి ప్రతి సాయంకాలము బయటకు పోవు హమాలీని చూచితిరా? 75 కిలోల ధాన్యపు బస్తాను వీపున మోసి పలక యెక్కి దిగినవాడతడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించకుండుట మేలని సిఫారసు చేసినది. ఊక దుమ్ము, బూడిద దుమ్ము ఊపిరి తిత్తులను కొరికివేయును. పురుగుల మందు బిళ్లలు పెట్టిన గోదాములో జాగ్రత్త లేక అడుగిడినచో ప్రాణమే పోవచ్చును. సంచులు చిన్నవి చేయుట, మోత పట్టాలు అమర్చుట, దుమ్ము పీల్చు గొట్టములు పెట్టుట, మందు పెట్టిన గోదామునకు తాళము వేసి పలక కట్టుట – ఇవి పెద్ద ఖర్చులు కావు. హమాలీ కుమారుడు ఆ మిల్లులోనే యంత్రము నడుపువాడుగా ఎదుగు దారి యున్నదా? ఉన్నచో ఆ మిల్లునకు పనివారి కొరత రాదు. "ఈ రోజులలో మనుష్యులు దొరకుట లేదండీ" అని విచారించు యజమానులు ఈ ప్రశ్నను ముందు తమ్ము తాము వేసికొనవలెను.

ఒక్క వాకిలినే నమ్మరాదు

వ్యాపారము నిలుచుటకు సరకును, నీటిని, మనుష్యులను కాపాడుకొనిన చాలదు. అమ్మకపు దారులను కూడ పెంచుకొనవలెను. 2023 జూలై 20వ తేదీన కేంద్ర ప్రభుత్వము బాసుమతి గాని తెల్ల బియ్యము ఎగుమతిని నిషేధించెను. 2024 సెప్టెంబరు 28వ తేదీ వరకు ఆ నిషేధము నిలిచెను. కాకినాడ రేవును మాత్రమే నమ్ముకొని యున్న మిల్లులకు ఆ పదునాలుగు నెలలు ఎట్లు గడచెనో వేరుగా చెప్పనక్కర లేదు. దేశములో తిండికి కొరత రాకుండ చూచుకొనుట ప్రభుత్వ ధర్మము. ఆ ధర్మము మన లాభమునకు అడ్డు వచ్చినప్పుడు తట్టుకొనునట్లు ఏర్పాటు చేసికొనుట మన ధర్మము. ప్రభుత్వ ధాన్యమును ఆడించి కూలి పుచ్చుకొనుట మాత్రమే వృత్తిగా గల మిల్లునకును ఇదియే స్థితి. కొంత కూలికి ఆడించుట, కొంత సొంత పేరున సమీప పట్టణములలో అమ్ముట, కొంత ఎగుమతి, ఆపైన తవుడు, ఊక, బూడిద – ఇట్లు నాలుగైదు వాకిండ్లు గల మిల్లునకు ఒకటి మూతపడినను ఊపిరాడును.

సంఘము చేయదగిన పనులు

"ఇవన్నియు పెద్ద మిల్లులకు చెల్లును, మేమేమి చేయగలము?" అని చిన్న మిల్లుల సోదరులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 1946లో గుజరాతునందలి ఖేడా జిల్లాలో ఒకటి రెండు గేదెలు గల రైతులు గ్రామ గ్రామమున సంఘములుగా చేరి, పాలలో వెన్న పాలును పరీక్షించి దానికి తగిన వెలనిచ్చు పద్ధతిని పెట్టుకొనిరి. ఆ ఆనంద్ సంఘమే నేడు అమూల్ పేరున దేశమంతయు నెరుగును. ఒక్కొక్కరి చెంబెడు పాలకు లేని బలము కలసిన పాలకు వచ్చెను. మన తవుడునకు రాకుండుటకు కారణము నాకు కనబడుట లేదు.

కావున ఈ గోష్ఠి తరఫున నాలుగు సూచనలను మహాసభ ముందుంచుచున్నాను. మొదటిది, ఒకే ప్రాంతమున దగ్గరగా నున్న మిల్లులవారు, ఏ కులమువారైనను సరే, కలసి తవుడును నిలువబెట్టు కేంద్రమును, నీటిని శుద్ధి చేయు తొట్టెలను ఉమ్మడిగా ఏర్పరచుకొనుట. కాలువకు కులము లేదు గనుక ఈ పని మన కులమువారితోనే పూర్తి కాదు. రెండవది, ప్రతి మిల్లునందును టన్ను ధాన్యమునకు ఎంత బియ్యము, ఎంత నూక, ఎంత తవుడు వచ్చెనో, ఎంత ఊక, ఎంత నీరు, ఎంత విద్యుత్తు ఖర్చయ్యెనో నెలనెలకు ఒక పుస్తకమున వ్రాసి యుంచుట. సంవత్సరాంతమున అందరి లెక్కలను సరిపోల్చినచో, ఎవరి మిల్లునకు ఎచ్చట చిల్లి యున్నదో తెలియును. మూడవది, మన విద్యార్థి వేతనములలో కొన్నింటిని ధాన్య శాస్త్రమును, ఆహార సాంకేతికమును చదువు బాలబాలికలకు ప్రత్యేకించుట. ఇంజనీరింగు చదివి దూరదేశములకు పోవువారిని మనము సన్మానించుచున్నాము, మంచిదే. తండ్రి మిల్లును బాగుచేయుటకు తిరిగి వచ్చు బిడ్డకును ఒక శాలువ దాచి యుంచుదము. ఆడపిల్లలను ఈ విషయమున వేరుగా చూడవలదు. లెక్కల పుస్తకమును వారు మనకంటె శ్రద్ధగా చూడగలరు. నాలుగవది, బీదల బియ్యమును మరల అమ్మువారికి ఈ సభలో ఏ పదవియు, ఏ గౌరవమును ఉండరాదని తీర్మానించుట.

సోదరులారా! మిల్లును అమ్మవలెనా, నడుపవలెనా యని అడిగిన యువకునకు నా సమాధానమిది. ముందు మీ తండ్రిగారితో కూడ మిల్లు వెనుక వాకిట ఒక వారము దినములు నిలువుడు. ఏది బయటకు పోవుచున్నదో తూచి వ్రాసికొనుడు. ఊకలో, తవుడులో, ఆవిరిలో పోవు సొమ్మెంతో, కాలువకును పనివారికిని బాకీపడిన సొమ్మెంతో ఆ పుస్తకమున రెండు వరుసలుగా కనబడును. మొదటి వరుస నుండి వచ్చిన దానితో రెండవ వరుసలోని బాకీ తీర్పగలిగినచో, ఆ మిల్లును నిర్భయముగా నడుపవచ్చును. మీ పిల్లలకును అప్పగింపవచ్చును. తీర్పజాలనిచో అమ్ముటయే మేలు. అందులో అవమానము లేదు. బాకీ సంగతి తెలిసికొనక నడుపుటయే అవమానము.

పైన విన్నవించిన నాలుగు సూచనలను రేపటి తీర్మానముల సభలో చర్చకు గైకొనవలసినదిగా అధ్యక్షులవారిని ప్రార్థించుచు విరమించుచున్నాను.